మా వియ్యంకుడి తాత పేరు

మా ఆయన జానకిరామ్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే చెబుతాను, కాదనను. కానీ ముందు మా డైనింగ్ టేబుల్ గురించి చెప్పాలి. అమ్మాయి పెళ్లి మాట అనుకున్న దగ్గర్నుంచి ఆ టేబుల్ మీద మేం అన్నం తిన్న పాపాన పోలేదు. కంచాలు ఒళ్లో పెట్టుకుని సోఫాలో తిన్నాం. టేబుల్ నిండా ఆయన కాగితాలు. ఎప్పుడో మా తాతల కాలంలో ఐర్లండ్‌లో ఏ ఊళ్లో ఎవరు గుర్రాలకు నాడాలు కొట్టారు, ఎవరు బూట్లు కుట్టారు, ఎవరు సారా అమ్మారు, ఎవరు శవపేటికలు చేశారు అని అచ్చువేసిన వ్యాపారుల డైరెక్టరీలు ఉంటాయట. వాటి నకళ్లు. తెనాలిలో పుట్టి లిమరిక్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే మనిషికి వీటితో ఏం పని అని మీరడుగుతారు. నేనూ అడిగాను. అడిగి అడిగి నా నోరు పడిపోయింది.

ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టర్. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాంలో తప్పెక్కడుందో పట్టుకోవడమే ఉద్యోగం. ఇక్కడి కంపెనీలు మనవాళ్లను విమానాల్లో రప్పించుకుంటున్న రోజుల్లో, రెండు వేల సంవత్సరంలో వచ్చాం. ఆఫీసులో దొరికే తప్పులు చాలవన్నట్టు బయట కూడా వెతుకుతారు. బస్టాపులో టైంటేబుల్ తప్పుంటే కౌన్సిల్‌కు ఉత్తరం రాస్తారు. ఎవరింటికైనా భోజనానికి వెళితే ఇంటావిడ మెడ వంక చూసి, "అమ్మా, ఆ గొలుసు కొక్కెం అరిగింది, జాగ్రత్త" అంటారు. ఒకసారి దగ్గు తగ్గడం లేదని జీపీ దగ్గరికి తీసుకెళితే, ఆ డాక్టరమ్మ ఉంగరంలో రాయి వదులైందని చెప్పి, దగ్గు మాట మర్చిపోయి బయటికొచ్చారు. డ్రైవింగ్ టెస్టు మాత్రం ఇప్పటికీ పాసవ్వలేదు. పక్కన కూర్చున్న పరీక్షాధికారికే ఈయన తప్పులు ఎత్తి చూపుతారట. అందుకని ఈ దేశంలో ఎక్కడికి పోవాలన్నా నేనే డ్రైవర్ని.

బంగారం చూపు ఆయనకు ఇంట్లోంచే వచ్చింది. వాళ్లది తరతరాలుగా కంసాలి పని. మా మామగారు కోటయ్య ఆచారి గారి చేతి గొలుసంటే తెనాలి చుట్టుపక్కల పెద్ద పేరు. నలుగురు కొడుకుల్లో ముగ్గురు ఆయన పక్కన కుంపటి ముందు కూర్చున్నారు. ఈయనొక్కరే కూర్చోలేదు. ఈయనది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఎడం చేత్తో సుత్తి పట్టుకుంటే మామగారు ఆ చేతిని కండువాతో నడుముకు కట్టేసేవారట. కుడి చేత్తో కొడితే రేకు చిరిగేదట. కొన్నాళ్లు చూసి, "ఎడం చేతివాడికి పని అబ్బదు, వీణ్ణి చదువులోకి తోసెయ్యండి" అన్నారు. అదే మంచిదైంది, చదువుకుని పైకొచ్చాడు అని బంధువులంతా అంటారు. ఈయన ఏమీ అనరు. అన్నం కుడి చేత్తోనే తింటారు, కుడి చేత్తోనే రాస్తారు. కంప్యూటర్ మౌసు మాత్రం ఎడం పక్కన పెట్టుకుంటారు. నేను ఏదైనా చూసుకుందామని కూర్చుంటే మౌసు అటు చివర ఉంటుంది, ఇటు లాగితే వైరు చాలదు. నాకు ఒళ్లు మండిపోతుంది. వాడుకున్నాక ఇటు పెట్టండి అని ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పినట్టే.

మా అమ్మాయి అలేఖ్య ఇక్కడే పెరిగింది. మనం తెలుగులో అడిగితే ఐరిష్ యాసలో ఇంగ్లిషు జవాబు చెబుతుంది. డబ్లిన్‌లో ఎక్కడ చూసినా టెక్ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో అక్కడ ఉద్యోగంలో చేరింది. కొన్నాళ్లకు పక్క సీటు అబ్బాయిని ఇంటికి తెచ్చి, "మమ్, డాడ్, దిస్ ఈజ్ రోనన్" అంది. రోనన్ డెలహంటీ. పొడుగాటి మనిషి, మెత్తటి మాట. వాళ్లది పోర్ట్‌లీష్ అవతల కిల్‌బ్రాకన్ అనే పల్లెటూరు.

మా ఆయన ఏం గోల చేస్తారోనని నేను గుండె చిక్కబట్టుకుని వడ్డించాను. ఆ అబ్బాయి గరిటె ఎడం చేత్తో పట్టుకుని పప్పు వేసుకున్నాడు. అయ్యో, ఇప్పుడు మొదలెడతారు అనుకున్నాను. ఆయన ఆ చేతి వంక చూసి, నెయ్యి గిన్నె ఆ అబ్బాయి ఎడం వైపుకు జరిపారు. పెళ్లికి ఒప్పుకున్నారు. "కన్యాదానం మాత్రం పద్ధతిగా జరగాలి" అన్నారు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను, గండం గడిచిందని.

గండం అప్పుడే మొదలైంది. మా పంతులుగారు రామలింగేశ్వరరావు గారు వారమంతా డేటా సెంటర్‌లో షిఫ్టులు చేసి, శనాదివారాలు పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ చేయిస్తారు. ఆయన ఫోన్లో అడిగింది చిన్న సంగతి. కన్యాదానం వేళ గోత్రమూ మూడు తరాల పేర్లూ చెప్పాలి కదా, ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని. "అబ్బాయి వైపు మూడు పేర్లు వాట్సాప్ చెయ్యండమ్మా" అన్నారు. రోనన్‌ని అడిగాం. తండ్రి మార్టిన్, తాత జో. ముత్తాత పేరు తనకు తెలియదన్నాడు. తండ్రిని అడిగితే ఆయన, "ఆ, ఖాళీ వదిలేయమను" అన్నారట.

పంతులుగారు అందుకూ సిద్ధంగానే ఉన్నారు. "ఏం పర్లేదమ్మా. తెలియనిచోట దేవుడి పేరు చెప్పేద్దాం. గోత్రం కశ్యప గోత్రం అనేద్దాం. ఇక్కడ నేను చేయించే వాటిల్లో బోలెడు అలాంటివే."

ఇంకెవరింట్లోనైనా అక్కడితో అయిపోయేది.

"దేవుడి పేరేంటి శ్యామలా?" అన్నారు మా ఆయన. "ఆ అబ్బాయి తాత ఆకాశంలోంచి ఊడిపడ్డాడా? ఆయనకో తండ్రి ఉంటాడుగా. అంత ఖాళీ పెట్టుకుని నా పిల్లని ఎలా చేతిలో పెడతాను?"

"వాళ్లే వద్దంటుంటే మీకెందుకండీ?"

"వాళ్లకి వెతకడం తెలీక వద్దంటున్నారు."

అదీ ఆయన తర్కం. ఈ దేశంలో పాత జనాభా లెక్కలు ఇంటర్నెట్‌లో పెట్టారు, నిజమే. కానీ పందొమ్మిది వందల పదకొండు తర్వాతవి ఇంకా బయటపెట్టలేదు. పుట్టిన రికార్డులు వందేళ్లు నిండితే గాని చూపించరు. జో గారు పుట్టింది పందొమ్మిది వందల ఇరవైలో, ఇంకా వందేళ్లు నిండలేదు. మరి మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే వ్యాపారుల డైరెక్టరీలే దిక్కని ఎవరో చెప్పారు. అంతే, ప్రతి శనివారం నేను ఆయన్ని మోటర్‌వే మీద పోర్ట్‌లీష్ తీసుకెళ్లి లైబ్రరీ దగ్గర దింపడం, బయట వానలో కారులో కూర్చోవడం. లోపల ఆయన ఊరి పేరు, కింద కిరాణా కొట్లు, కల్లు పాకల్లాంటి పబ్బులు, కమ్మరులు, వడ్రంగులు, ఒక్కో వరసా వేలు పెట్టి చదువుకోవడం. బయటికొచ్చి దారి పొడుగునా నాకు వినిపించడం. పెళ్లికి పూలవాడితో మాట్లాడాలండీ అంటే, "ఈ ఊళ్లో అప్పట్లో జీను కుట్టేవాళ్లు ఇద్దరుండేవాళ్లు తెలుసా" అంటారు. నాకు తెలియక్కర్లేదు!

ఒక శనివారం పరుగులాంటి నడకతో వచ్చి కారెక్కారు. మొహం వెలిగిపోతోంది.

"శ్యామలా! కమ్మరి వాళ్లు!"

"ఎవరు?"

"డెలహంటీ వాళ్లు. ముప్పైల్లో డైరెక్టరీలో కిల్‌బ్రాకన్ కమ్మరి థామస్ డెలహంటీ. యాభైల్లో డైరెక్టరీలో అదే ఊరు, అదే కొలిమి, జోసెఫ్ డెలహంటీ. తండ్రీ కొడుకులే. ఇంకేం కావాలి? మనవాళ్లే శ్యామలా! పంచ వృత్తుల వాళ్లే!"

నేను కారు స్టార్ట్ చెయ్యడం మర్చిపోయాను. మా వాళ్లలో ఐదు పనులకు ఐదు గోత్రాలు. కంసాలి పని మా సుపర్ణస గోత్రం, కమ్మరి పని సానగ గోత్రం. కొడుకు చేసే పని తండ్రి చేసిన పనే అయి ఉంటుందని, అదే పని చేసేవాడు అదే రక్తమై ఉంటాడని మా ఆయనకు లోపలెక్కడో కుదురుకుపోయింది. తానే ఆ పని చెయ్యక కంప్యూటర్ల మీద బతుకుతున్నా సరే. ఐర్లండ్ కమ్మరికి అక్కడికక్కడే సానగ గోత్రం ఇచ్చేశారు. దారిలోనే తెనాలికి ఫోన్లు. "అన్నయ్యా, పిల్లవాడిది సానగ గోత్రం" అని ఈయన అరవడం, అటునుంచి బావగారు "ఏదీ, ఐర్లండ్‌లోనా?" అని అరవడం. ఫోన్ స్పీకర్లో పెట్టారు. నాకు ఆ రోజు తలనొప్పి మాత్ర వేసుకుంటే గాని తగ్గలేదు.

ఇంటికొచ్చాక ఆయన తెచ్చిన పాత జనాభా లెక్కల కాగితం చూశాను. పదకొండో సంవత్సరంలో కొలిమి ఇంట్లో ఇద్దరే. థామస్, భార్య బ్రిజిడ్. ఆవిడ వయసు నలభై ఆరు. పిల్లలు లేరు.

"ఏమండీ, జో పుట్టింది ఇరవైలో కదా? అప్పటికి ఈవిడకి యాభై ఐదేళ్లు. ఆ వయసులో కన్నదా?"

"పాపం మొదటావిడ పోయి ఉంటుంది. రెండో పెళ్లి చేసుకుని ఉంటాడు."

"ఎక్కడ రాసుంది?"

"అన్నీ రాసుండవు శ్యామలా."

ఎవరో రాసిన ప్రోగ్రాంలో ఒక్క చుక్క తేడా ఉంటే పట్టే మనిషి! యాభై ఐదేళ్ల బాలింత మాత్రం కనబడలేదు. నాకు అప్పుడే కీడు తోచింది. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, ఆ పెద్దమనిషి ఖాళీ వదిలేయమన్నాడంటే ఏదో ఉండబట్టే, తవ్వకండి అని. వింటేనా! కొలిమి అంటే ఏమిటో, ఇనుము ఎలా కాలుస్తారో, దాగలి అనే ఇనప దిమ్మ మీద ఎలా సాగగొడతారో వీడియోలు పెట్టుకుని చూడటం మొదలెట్టారు. వంటింట్లో పోపు వేస్తుంటే అవతల నుంచి ఠంగు ఠంగుమని సుత్తి దెబ్బలు. చివరికి ఒక వంశవృక్షం గీయించి, అద్దం వేయించి, ఫ్రేమ్ కట్టించారు. పైన థామస్, కమ్మరి. కింద జోసెఫ్, కమ్మరి. దాని కింద మార్టిన్, దాని కింద రోనన్. అడుగున ఇంగ్లిషు అక్షరాల్లో సానగ గోత్రం.

వియ్యాలవారు భోజనానికి పిలిచినప్పుడు ఆ ఫ్రేమ్ రంగు కాగితంలో చుట్టి వెనక సీట్లో పెట్టుకుని వచ్చారు. నేను ఆపలేకపోయాను. రోనన్ తల్లి బెర్నీ మాకోసం బంగాళాదుంపలు మూడు రకాలుగా చేసింది. మార్టిన్ గారు ట్రాక్టర్లు, కోత మిషన్లు బాగుచేస్తారు. ఇంటి వెనకాలే ఆయన షెడ్డు, అదే ఒకప్పటి కొలిమి. మనిషి ఎక్కువ మాట్లాడరు, ఏమడిగినా బాగుందనడానికి "గ్రాండ్, గ్రాండ్" అంటారు. భోజనాలయ్యాక మా ఆయన లేచి, గొంతు సవరించుకుని, ఫ్రేమ్ ఆయన చేతికిచ్చారు.

మార్టిన్ గారు కాగితం విప్పి చూశారు. దాన్ని టేబుల్ మీద బోర్లా పెట్టి వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయారు. బెర్నీ, "నేను టీ పెడతాను" అని లేచింది. అప్పటికే అందరి ముందూ టీ ఉంది.

ఆయన తిరిగొచ్చి కూర్చోకుండా, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి చెప్పారు. ఆయన ఇంగ్లిషులో చెప్పింది నా మాటల్లో చెబుతున్నాను.

"మీరు పైన రాసిన ఈ టామ్ మా తాత కాదు. మా నాన్న పెళ్లికాని తల్లికి పుట్టాడు. ఆమె ఎవరో మాకు తెలియదు. కౌంటీ హోమ్ అనే సర్కారు ఆశ్రమం నుంచి ఏడేళ్లప్పుడు ఈ కొలిమికి పెంపకానికి ఇచ్చారు. తలుపు మీద డెలహంటీ అని పేరుండేది. టామ్ పోయాక కూడా తీయలేదు, మా ప్రాంతంలో కొట్టు చేతులు మారినా తలుపు మీద పేరు మార్చరు. కొలిమిలో ఉన్నవాడు కాబట్టి ఊరు మా నాన్నను డెలహంటీ అంది. మీ డైరెక్టరీవాడు అదే రాసుకుపోయాడు."

రోనన్ మొహం చూస్తే ఆ అబ్బాయికీ ఇది తెలియదని అర్థమైంది. మార్టిన్ గారు వాడి వంక చూడలేదు.

"ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు. నా చిన్నప్పుడు నాన్న చర్చికి వెళుతుంటే వెనకాల అనుకునేవాళ్లు, నేను విన్నాను. పెళ్లిలో మీ పంతులు అందరి ముందూ టామ్ మునిమనవడు అని పిలిస్తే వెనక వరసలో ఎవడో ఒకడు నవ్వుతాడు. నేను అది వినను. ఆ పేర్లు చదివేటట్టయితే నేను రాను."

మా ఆయనకు నోట మాట రాలేదు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన మాట పడిపోవడం చూడాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అలా చూడాలని మాత్రం కాదు.

తిరుగు ప్రయాణంలో అలేఖ్య వెనక సీట్లోంచి ఒక్కసారే మాట్లాడింది. "రోనన్ వాళ్ల డాడ్ రాకపోతే నో మండపం, నో కన్యాదానం. వి'ల్ జస్ట్ డు ద రిజిస్ట్రీ ఆఫీస్. ఐ మీన్ ఇట్, డాడ్." అన్నంత పనీ చేస్తుంది, తండ్రి పోలికే. నాకు తండ్రీకూతుళ్ల మీదా, మార్టిన్ గారి మీదా కోపం వచ్చింది. ఉన్న ఒక్క పిల్ల పెళ్లి, ఎవరో తెలియని ఒక కమ్మరి పేరు పట్టుకుని చేతులారా పాడుచేసుకున్నాం. ఆ మాట ఆయనతో అనేశాను. ఇంకా చాలా అన్నాను.

మర్నాడు లేచి చూస్తే డైనింగ్ టేబుల్ ఖాళీగా ఉంది. కాగితాలన్నీ ఎక్కడో సర్దేశారు. ఎన్నాళ్లుగానో కోరుకున్నదే కదా, టేబుల్ మీద వడ్డించాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన అన్నం కెలికి వదిలేశారు. నాకూ సహించలేదు. మౌసు కూడా కుడి పక్కన పెట్టి ఉంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

శనివారం వచ్చేసరికి, "కిల్‌బ్రాకన్ వెళదాం, క్షమాపణ చెప్పి వస్తాను" అన్నారు. దారంతా ఏం చెప్పాలో ఇంగ్లిషులో గొణుక్కుంటూ వచ్చారు. నేను మధ్యలో ఒకటే చెప్పాను. "సారీ చెప్పండి, ఇంకేం మాట్లాడకండి. అక్కడ ఏ తప్పు కనబడినా నోరెత్తకండి." అలాగే అన్నారు.

మార్టిన్ గారు షెడ్డులో కోత మిషన్ విప్పుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. షెడ్డు చివర పాత కొలిమి అలాగే ఉంది. రాళ్ల పొయ్యి, పైన పొగగూడు, గోడకు పటకార్లు, ముందు దుంగ మీద దాగలి. మా ఆయన రెండడుగులు వేసి ఆగారు. క్షమాపణ చెప్పబోతున్నారనుకున్నాను.

"మార్టిన్," అన్నారు, "ఈ దాగలి తిరగేసి ఉంది."

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. చెప్పిన మాట ఒక్కటంటే ఒక్కటి వినని మనిషి!

"దీని కొనదేలిన ముక్కు అటువైపు కదా ఉండాలి?" ఆయన ఆగడం లేదు. "కుడి చేత్తో సుత్తి పట్టేవాడికి ముక్కు ఎడం పక్కన ఉంటుంది. ఇది కుడి పక్కనుంది. పటకార్లూ అంతే, అన్నీ అటు వేలాడుతున్నాయి. ఎవరు పెట్టారిలా?"

మార్టిన్ గారు చేతిలోని స్పానర్ కింద పెట్టారు.

"టామ్ పెట్టాడు" అన్నారు.

"టామ్ ఎడమచేతి వాటమా?"

"టామ్ కాదు. మా నాన్న." మార్టిన్ గారు లేచి చేతులు తుడుచుకుంటూ దాగలి దగ్గరికి వచ్చారు. "కితోగ్ అంటారు ఇక్కడ ఎడమచేతివాణ్ణి. బళ్లో మాస్టరు ఆ చెయ్యి మీద బెత్తంతో కొట్టేవాడు. ఒకరోజు నాన్న వాచిన చేత్తో ఇంటికొస్తే టామ్ చూశాడట. మర్నాడు నాన్న లేచేసరికి దాగలి ఇలా తిరిగి ఉందట. పటకార్లు ఈ వైపుకు మార్చి ఉన్నాయట. రా, ఇలా నిలబడు, నీ చేత్తోనే కొట్టు అన్నాడట. మళ్లీ తిప్పలేదు."

"మరి టామ్?" అన్నారు మా ఆయన. "ఆయనది కుడి చెయ్యి కదా? ఆయనెలా కొట్టేవాడు?"

"చచ్చేదాకా అలాగే కొట్టాడు. తిరగేసిన దాగలి మీదే."

మా ఆయన అక్కడే పాత టైరు మీద కూర్చుండిపోయారు. ఎడం చెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూసుకుంటున్నారు. తర్వాత మార్టిన్ గారికి తెనాలి కుంపటి గురించి చెప్పారు. కండువాతో కట్టేసిన చెయ్యి, చిరిగిన రేకులు, అన్నదమ్ములు పని నేర్చుకుంటుంటే గుమ్మంలో పుస్తకం పట్టుకుని కూర్చోవడం. నాకు తెలిసిన సంగతులే. కానీ "ఆ పని నాకు కావాలి మార్టిన్, నాకది చాలా ఇష్టం" అన్నారు చివర్లో. ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. అదే మంచిదైందని బంధువులు అన్నప్పుడల్లా నేనూ అవునంటూ వచ్చాను. ఎంత బాధ పెట్టుకున్నారో నాకు తెలియలేదు.

తికమకలో తెలుగులో ఏదో మొదలెట్టి, సర్దుకుని ఇంగ్లిషులో మళ్లీ చెప్పారు. "నా సొంత తండ్రి, రక్తం పంచుకుని పుట్టించినవాడు, ఆ కుంపటి జానెడు జరపలేదు. టామ్ జరిపాడు. మా పద్ధతిలో దత్తత వెళ్లినవాడికి పెంచినవాడే తండ్రి. ఆయన వంశమే చెప్పాలి. కన్నవాళ్ల పేరు ఎవరూ అడగరు. పేరిచ్చాడు, పనిచ్చాడు. ఇంకేం కావాలి?"

"దానికి కాగితాలు ఉండాలి కదా?" అన్నారు మార్టిన్ గారు.

"నాకు అక్కర్లేదు."

నేనైతే గుడ్లప్పగించి చూశాను. కాగితాల కోసం ఏడాదిగా నా ప్రాణం తీసిన మనిషి! ఈ దత్తత మాటేదో మొదటిరోజే తోచి ఉంటే మా టేబుల్ మాకుండేది. మార్టిన్ గారు టీ తాగి వెళ్లమన్నారు. మేం కారెక్కుతుంటే, "ఆయన పూర్తి పేరు థామస్. చదివేటట్టయితే అది చదవమనండి" అన్నారు. వస్తానని మాత్రం అనలేదు.

పెళ్లి రోజు లిమరిక్‌లో పొద్దుటినుంచీ వాన. హోటలువాళ్లు లోపల హోమం పెట్టనివ్వలేదు, అలారం మోగుతుందని. బయట డేరా వేయించాం, ఒక మూల కారుతోంది. కిల్‌బ్రాకన్ నుంచి బస్సు నిండా జనం వచ్చారు, ముసలివాళ్లే ఎక్కువ. వాళ్లలో మార్టిన్ గారు కనబడలేదు. అలేఖ్య పెళ్లికూతురి అలంకారంలో నన్ను పిలిచి, "మమ్, ఈజ్ హి హియర్?" అంది. నేను గుమ్మం వంక చూస్తూ నిలబడ్డాను. ముహూర్తం దగ్గరపడ్డాక వచ్చారు, బెర్నీతో, తన కారులో. మండపం పక్కన వేసిన కుర్చీలో కూర్చుని తల వంచుకున్నారు. టోపీ మోకాలి మీద పెట్టుకున్నారు.

కన్యాదానం వేళ పంతులుగారు మొదలెట్టారు. సానగ గోత్రం అన్నారు. "థామస్ శర్మణో నప్త్రే" అన్నారు, "జోసెఫ్ శర్మణః పౌత్రాయ, మార్టిన్ శర్మణః పుత్రాయ". మనకు ఆ పేర్లు ముమ్మారు చెప్పడం ఆనవాయితీ. మొదటిసారి చెప్పినప్పుడు మార్టిన్ గారు తలెత్తలేదు. నేను నీళ్ల చెంబు పట్టుకుని వెనక వరసల వంకే చూస్తున్నాను, ఎవడు నవ్వుతాడా అని. నవ్వితే చెంబు విసిరేద్దునేమో. ఎవరూ నవ్వలేదు. రెండోసారి థామస్ అన్నప్పుడు ఒక ముసలాయన టోపీ తీశాడు. మూడోసారి చెప్పేటప్పుడు మార్టిన్ గారు తలెత్తి పంతులుగారి వంకే చూస్తూ, పెదాలు కదిపి తానూ ఆ పేరు అన్నారు.

జీలకర్ర బెల్లం పెట్టే సమయం వచ్చింది. రోనన్ తమలపాకు అందుకుని ఎడం చెయ్యి ఎత్తాడు. పంతులుగారు గాభరాగా, "రైట్ హ్యాండ్, బాబూ, రైట్ హ్యాండ్" అన్నారు. మా తోడికోడలు అయ్యయ్యో అంది. ఆ అబ్బాయి ఎర్రబడి చెయ్యి మార్చుకోబోయాడు. వాడి భుజం పట్టి ఆపారు మా ఆయన.

"ఆ చేత్తోనే పెట్టనివ్వండి పంతులుగారూ."

"అది పద్ధతి కాదండీ. పైగా నేనిటు కూర్చున్నాను, పట్టి పెట్టించడానికి ఆ చెయ్యి నాకు అందదు."

"అయితే మీరు అటు జరగండి" అన్నారు మా ఆయన.

పంతులుగారు ఆయన మొహం చూసి, గొణుక్కుంటూ పళ్లెం, పుస్తకం, పీట అన్నీ ఎత్తుకుని అవతలి పక్కకు వెళ్లి కూర్చున్నారు.